అష్టమి చంద్రుణ్ణి కూడా అచ్చువేయండి

సంపాదక మహాశయులకు,

నమస్కారాలు.

కార్తీక పౌర్ణమి మరునాడు మీ పత్రిక నగర పేజీలో గుడి గోపురం పక్కనుంచి పైకి వస్తున్న నిండు చంద్రుడి ఫొటో పెద్దగా అచ్చయింది. ఫొటో బాగుంది. గోపురం అంచు, చంద్రబింబం రెండూ స్పష్టంగా పడేలా ఎక్స్‌పోజర్ కుదుర్చుకోవడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి గనుక తీసినవారిని మనసారా అభినందిస్తున్నాను. అయితే కొన్నేళ్లుగా గమనిస్తున్న ఒక విషయాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. మన పత్రికల్లో చంద్రుడు కనిపించేది పున్నమికి, గ్రహణానికి, లేదా సూపర్‌మూన్ అనే మాట వినబడిన రోజుకు మాత్రమే. ఈ రాత్రి టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూడండి అని పాఠకులకు చెప్పేదీ ఆ రోజునే. చంద్రుడి మీది బిలాలను, కొండలను చూడటానికి, ఫొటో తీయడానికి నెల మొత్తంలో అమావాస్య తరువాత అంతగా పనికిరాని రాత్రి ఏదైనా ఉందంటే అది పున్నమే.

నేను హైదరాబాదులో సుల్తాన్ బజారు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద గడిపిన కాలమే అందులో ఎక్కువ. పని మానేశాక ఆరంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు ఒకటి కొనుక్కుని, నల్లకుంటలోని మా డాబా మీద నుంచి చంద్రుణ్ణి ఫొటోలు తీస్తున్నాను. ఈ కార్తీక పౌర్ణమి రాత్రి, దీపాలు వెలిగించడం అయ్యాక, మా వీధి పిల్లలూ పెద్దలూ నలభై మంది దాకా డాబా మీదికి వచ్చి వరుసలో నిలబడ్డారు. టీవీలో చూశామని, పేపర్లో చదివామని వచ్చారు. ఒక్కొక్కరే ఐపీస్‌కు కన్ను ఆనించి, వెంటనే వెనక్కి తీసి, కన్ను నలుపుకున్నారు. సున్నం కొట్టిన పళ్లెంలా, కళ్లు చెదిరే తెల్లటి బింబం. దాని మీద బూడిదరంగు మరకలు. మూడో తరగతి చదువుతున్న పాప ఒకతె చాలాసేపు చూసి, "తాతయ్యా, గుంటలు ఏవి?" అని అడిగింది. చూపించడానికి నా దగ్గర గుంటలు లేవు. ఆ రాత్రి అంతమంది ఉత్సాహంగా వచ్చి మామూలు కంటికి కనిపించిన దానికంటే ఎక్కువేమీ చూడకుండా దిగిపోయారు. ఆ లోపం చంద్రుడిది గానీ టెలిస్కోపుది గానీ కాదు. వాళ్లను ఆ రోజున పిలవడమే పొరపాటు. ఆ పొరపాటు నాది కూడా.

కారణం స్టూడియోలో పనిచేసిన వారెవరికైనా తెలిసిందే. మనిషి ముఖానికి ఎదురుగా, కెమెరా పక్కనే ఫ్లాష్ పెట్టి కొడితే ముఖం అప్పడంలా చదునుగా పడుతుంది. ముక్కు ఎత్తు, బుగ్గ లోతు, నుదుటి గీతలు అన్నీ మాయమవుతాయి. అదే దీపాన్ని పక్కకు జరిపితే ప్రతి గీతకూ నీడ పుట్టి ముఖానికి రూపం వస్తుంది. పాస్‌పోర్టు ఫొటోకు మొదటిది, పెళ్లికూతురి నగల పనితనం చూపడానికి రెండోది వాడేవాళ్లం. పున్నమి నాడు సూర్యుడు మన వెనుక నుంచి చంద్రుడి ముఖం మీదికి సూటిగా వెలుగు పోస్తాడు. నీడ అన్నది మన కంటికి కనబడదు. నీడ లేకపోతే గుంటా లేదు, గట్టూ లేదు. అష్టమి ప్రాంతంలో వెలుగు పక్కనుంచి పడుతుంది. అప్పుడు చంద్రబింబం నడిమధ్య వెలుగూ చీకటీ కలిసే గీత వెంట సూర్యోదయం జరుగుతూ ఉంటుంది. ఆ గీతను ఆనుకుని ఉన్న ప్రతి గట్టు నీడా మైళ్ల కొద్దీ పొడవున పరుచుకుంటుంది.

ఎంత పొడవో చెబితే పాఠకులకు నమ్మకం కుదురుతుంది. చంద్రుడి మీద ఒకచోట సూర్యుడు దిగంతానికి మూడు డిగ్రీల ఎత్తున ఉంటే, అక్కడ ఒక కిలోమీటరు ఎత్తున్న గట్టుకు 19 కిలోమీటర్ల నీడ పడుతుంది. చంద్రుడి మీద పగలూ రాత్రీ కలిసి మన లెక్కలో ఇరవై తొమ్మిదిన్నర రోజులు గనుక సూర్యుడు గంటకు అర డిగ్రీ మాత్రమే పైకి ఎగబాకుతాడు. అయినా ఆ గంటలోనే ఆ నీడ 19 కిలోమీటర్ల నుంచి పదహారు, పదహారున్నర కిలోమీటర్లకు ముడుచుకుంటుంది. ఏడు గంటలకు ఒక ఫొటో, ఎనిమిది గంటలకు ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టుకుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడైనా ఈ తేడాను స్కేలుతో కొలిచి చెప్పగలడు. త్రికోణమితి పాఠానికి ఇంతకన్నా మంచి లెక్క పాఠ్యపుస్తకంలో నేను చూడలేదు. నీడల పొడవును బట్టి చంద్రుడి మీది కొండల ఎత్తును అంచనా కట్టిన గెలీలియో 1609లో తన టెలిస్కోపును చంద్రుడి వైపు తిప్పి, మరుసటి ఏడాది అచ్చువేసిన పుస్తకంలో మొదట వర్ణించింది నాలుగైదు రోజుల నెలవంకను. పున్నమిని కాదని ఆయన నెలవంకను ఎంచుకోవడానికి కారణం అక్కడ నీడలుండటమే.

ఇక్కడ మన పంచాంగం గురించి ఒక మాట చెప్పాలి. దీని కోసమే ఈ లేఖ మొదలుపెట్టానన్నా తప్పులేదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి మీద ఆ వెలుగు గీత తిథికి జరిగేదీ దాదాపుగా అంతే, 12 డిగ్రీలు. శుక్లపక్ష అష్టమి సరిగ్గా సగం గడిచేసరికి ఆ కోణం 90 డిగ్రీలవుతుంది, బింబం సగానికి సగం వెలుగుతుంది. అంటే మీ పత్రికలో రోజూ అచ్చయ్యే తిథి, వర్జ్యం, రాహుకాలం గడిలో ఆ రాత్రి చంద్రుడి మీద ఏ బిలం దగ్గర తెల్లవారుతోందో చెప్పే సమాచారం ఇప్పటికే ఉంది. దాన్ని అలా చదవడం మనకు అలవాటు కాలేదు, అంతే. చంద్రుడి ముఖం మనవైపు కొద్దిగా అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దాన్ని లిబ్రేషన్ అంటారు. దానివల్ల ఒక్కోసారి అరతిథి నుంచి ముప్పాతిక తిథి దాకా ముందూ వెనుకా కావచ్చు గాని, మార్గదర్శనానికి తిథి చాలు.

తదియ, చవితి నాడు పడమటి ఆకాశంలో నెలవంక మీద 'సంక్షోభాల సముద్రం' అనే కోడిగుడ్డు ఆకారపు మైదానం కనిపిస్తుంది. షష్ఠికి థియోఫిలస్ బిలం వెలుగులోకి వస్తుంది. వంద కిలోమీటర్ల వెడల్పున్న ఈ బిలం పక్కనే ఉన్న పాత బిలం గట్టును పగలగొట్టుకుని కూర్చుంది. ఏది ముందు పుట్టిందో, ఏది వెనుక పుట్టిందో చూస్తూనే చెప్పవచ్చు. అదే తిథినాడు బాగా ఉత్తరాన 'మేర్ సెరెనిటాటిస్' అనే మైదానం మీద విక్రమ్ సారాభాయి పేరుపెట్టిన చిన్న బిలం ఉంది. వెడల్పు ఎనిమిది కిలోమీటర్ల లోపే. గాలి నిలకడగా ఉన్న రాత్రి ఆరంగుళాల టెలిస్కోపుకు అందుతుంది. 1973లోనే ఆ పేరు ఖాయమైంది. ఒక భారతీయుడి పేరున్న బిలాన్ని మన డాబా మీద నుంచి మన కంటితో చూడవచ్చని ఎంతమంది ఉపాధ్యాయులకు తెలుసు?

అష్టమి రాత్రి టోలెమేయస్, ఆల్ఫాన్సస్, ఆర్జకెల్ అనే మూడు పెద్ద బిలాలు బింబం నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా, ముగ్గురు అక్కచెల్లెళ్లు నిలబడినట్టు కనిపిస్తాయి. మొదటిది దాదాపు 150 కిలోమీటర్లు. మిగతావి వందకు కాస్త అటూ ఇటూ. నవమికి టైకో, క్లేవియస్, ప్లేటో బిలాలతో పాటు 'నిట్రగోడ' అని నేను పిలుచుకునే 'రూపెస్ రెక్టా' చీలిక కూడా కనిపిస్తుంది. 110 కిలోమీటర్ల పొడవున కత్తితో కోసినట్టు నల్లటి గీత. ఎత్తు మహా అయితే మూడు వందల మీటర్లు. నిజానికి అది గోడ కాదు, వాలు. పక్కవెలుతురులో దాని నీడ అంత నిటారుగా భ్రమింపజేస్తుంది. దశమి నాడు కోపర్నికస్. ఈ బిలం వెడల్పు 93 కిలోమీటర్లు. మన అవుటర్ రింగు రోడ్డు మొత్తం 158 కిలోమీటర్లు. కోపర్నికస్ గట్టు మీద ఒక చుట్టు తిరగాలంటే దాదాపు 290 కిలోమీటర్లు ప్రయాణించాలి. మన మహానగరమంతా అందులో పడినా చుట్టూ ఇంకా పొలాలు మిగులుతాయి. పిల్లలకు ఈ పోలిక చెప్పి ఆ తరువాత ఐపీస్ దగ్గరికి పంపితే వాళ్లు చూసే చూపే మారిపోతుంది.

అష్టమి, నవమి నాడు కొత్త పని మొదలుపెట్టరాదని మన ఇళ్లలో పెద్దలంటారు. చంద్రబిలాల ఫొటోకు మాత్రం ఈ రెంటినీ మించిన ముహూర్తం లేదు. పైగా అష్టమి చంద్రుడు పొద్దుగుంకేసరికే ఆకాశంలో పైన ఉండి అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పిల్లల్ని నిద్రమాన్పించాల్సిన అవసరం లేదు. బహుళ అష్టమి కూడా ఇంతే మంచిది గాని, అది అర్ధరాత్రి దాటాక లేచేవారికే.

కార్తీక పౌర్ణమి నాడు నిరాశతో దిగిపోయిన వారిని మరుసటి నెల శుద్ధ అష్టమి సాయంత్రం మళ్లీ పిలిచాను. ఈసారి పన్నెండు మందే వచ్చారు. ఆ పాప వచ్చింది. ఆల్ఫాన్సస్ బిలం అడుగు ఇంకా చీకట్లోనే ఉంది. గట్టు తూర్పు అంచు నుంచి పడిన నీడ లోపలంతా సిరా పోసినట్టు నిండి ఉంది. ఆ నలుపు నడిమధ్య గుండుసూది మొనంత తెల్లటి చుక్క ఒకటి మెరుస్తోంది. బిలం మధ్య నిలబడి ఉన్న శిఖరం కొనకు అప్పుడే ఎండ తగిలింది. పాప దాన్ని నక్షత్రం అనుకుంది. అరగంట తరువాత మళ్లీ చూపించాను. చుక్క బియ్యపుగింజ అయింది. "కొండకు తెల్లారుతోంది" అని ఆ పిల్లే అన్నది, నేను చెప్పలేదు. ఆ శిఖరానికి దగ్గరలోనే 1965 మార్చి 24న అమెరికా పంపిన రేంజర్ 9 నౌక చివరి క్షణం దాకా చిత్రాలు పంపుతూ కూలింది. టీవీలో జనం ఆ చిత్రాలను ప్రత్యక్షంగా చూశారు. ఆ సంగతి చెప్పాక పెద్దవాళ్లు కూడా రెండోసారి వరుసలో నిలబడ్డారు.

ఇక ఫొటో తీయడం గురించి. చంద్రుణ్ణి ఫొటో తీయాలంటే లక్షల రూపాయల సామగ్రి కావాలని చాలామంది అనుకుంటారు. నగరంలో దీపాల వెలుతురు వల్ల కుదరదనీ అనుకుంటారు. రెండూ సరి కావు. పాలపుంతను, నెబ్యులాలను మన నగర కాంతి మింగేసింది నిజమే గాని, చంద్రుణ్ణి మింగలేదు. వీధి దీపం కిందనుంచి కూడా ఆయన బిలాలు అంతే స్పష్టంగా పడతాయి. చంద్రుడి నేల తన మీద పడిన వెలుగులో సగటున 12 శాతమే తిప్పి పంపుతుంది. అంటే పాతబడిన తారు రోడ్డంత నల్లన. మనకు తెల్లగా కనబడటానికి కారణం ఆ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తుండటం, చుట్టూ ఆకాశం నల్లగా ఉండటం. కాబట్టి ఫొటోకు రాత్రి లెక్క కాదు, పగటి లెక్క వేసుకోవాలి. కొత్తవారి ఫొటోల్లో నూటికి తొంభై పాడయ్యేది ఇక్కడే. ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించగానే అది చుట్టూ ఉన్న చీకటిని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, చంద్రుడు తెల్లటి ముద్ద అవుతాడు. తెర మీద చంద్రుణ్ణి వేలితో నొక్కి పట్టి, పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి జరుపుతూ పోవాలి. వెలుగు గీత పక్కన బిలాల గట్లు విడివిడిగా కనిపించే దాకా జరపాలి. సగం చంద్రుడంటే పున్నమి కాంతిలో సగం ఉంటుందని కూడా అనుకోకూడదు. నీడల వల్ల సుమారు పదో వంతే ఉంటుంది. ఆ సగంలోనూ అంచు వైపు ఎక్కువ, గీత వైపు తక్కువ. మనకు కావలసింది గీత వైపు గనుక అంచు కాస్త తెల్లబారినా బాధపడనవసరం లేదు.

కెమెరా లెన్సు తీసేసి ఒట్టి బాడీని ఐపీస్ స్థానంలో బిగించడం ఇంకొక పద్ధతి. అప్పుడు టెలిస్కోపే లెన్సు. దాని ఫోకల్ లెంగ్త్‌ను సుమారు 110తో భాగిస్తే సెన్సార్ మీద పడే చంద్రబింబం సైజు వస్తుంది. నాది 1200 మిల్లీమీటర్లు గనుక బింబం 11 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. ఒక్క బిలాన్ని పెద్దది చేసి తీయాలంటే మధ్యలో బార్లో లెన్సు పెట్టుకోవాలి.

అసలు శత్రువు గాలి. నీటి తొట్టి అడుగున వేసిన రూపాయి బిళ్లను పైనుంచి చూస్తే ఎలా వణుకుతుందో, మన వాతావరణం అడుగు నుంచి చూసే చంద్రుడూ అలాగే వణుకుతాడు. హైదరాబాదులో దీనికి తోడు పగలంతా కాగిన కాంక్రీటు స్లాబులు రాత్రి పది దాకా వేడిని కక్కుతాయి. డాబా మీద సాయంత్రమే నాలుగు బకెట్ల నీళ్లు చల్లి, టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి అద్దాన్ని చల్లబడనివ్వడం నేను అనుభవం మీద నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఇవేవీ తెలియక, ఏసీ గదిలోంచి తెచ్చి నేరుగా ఫొటోలు తీసి, బొమ్మ ఉడికిపోతున్నట్టు వస్తుంటే అద్దం చెడిపోయిందనుకుని అమ్మేయబోయాను. గాలి వణుకును జయించడానికి ఇప్పుడు అందరూ అనుసరించే పద్ధతి వీడియో తీయడం. ఒక్క నిమిషం వీడియోలో పద్దెనిమిది వందల ఫ్రేములుంటాయి; వాటిలో గాలి క్షణకాలం నిలిచినప్పుడు పడిన మంచి ఫ్రేములు రెండు వందలైనా ఉంటాయి. ఆటోస్టాకర్ట్, రెజిస్టాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫొటోగా చేస్తాయి. డార్క్‌రూమ్‌లో ఒకే కాగితం మీద రెండు మూడు నెగెటివ్‌లను గీత తప్పకుండా కలపడానికి పూటంతా పట్టిన చేతులు నావి. ఈ పని కళ్లముందు జరుగుతుంటే నాకు కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను. 1840లో న్యూయార్క్‌లో జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ణి వెండిరేకు మీద ఫొటో తీయడానికి 20 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇవ్వవలసి వచ్చింది. ఇప్పుడు ఒక ఫ్రేముకు సెకనులో వందో వంతు చాలు.

సాఫ్ట్‌వేర్ సాయం అన్నాను గనుక ఒక తేడా కూడా చెప్పాలి. ఫ్రేములను పేర్చినప్పుడు లేనిది పుట్టదు. లెన్సు లోనికి వచ్చిందే తేటపడుతుంది. కొన్ని ఫోన్లు మాత్రం తెర మీద ఉన్నది చంద్రుడని గుర్తుపట్టి, లెన్సుకు అందని వివరాన్ని తమ దగ్గరున్న నమూనాలను బట్టి తామే నింపుతున్నాయి. అది చూసి మురిసిపోయేవారిని నేను తప్పుపట్టను. పత్రికలో అచ్చయ్యే ఫొటోకు మాత్రం నిజాయితీ అవసరం. గోపురం పక్కన చంద్రుణ్ణి వేరే ఫొటో నుంచి తెచ్చి అతికించినా, రెండు మూడింతలు పెద్దది చేసినా ఆ మాట ఫొటో కింద రాయాలి. ఒక పత్రికలో (మీది కాదు) అర్ధచంద్రుడి ఫొటో కుడిఎడమలు తారుమారై అచ్చయింది. టెలిస్కోపుకు మూలమట్టపు అద్దం తగిలిస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తీసినవారు దాన్ని సరిచేసి పంపలేదు, చూసినవారు పట్టుకోలేదు. మా కాలంలో నెగెటివ్ తిరగేసి ప్రింట్ వేస్తే చొక్కా జేబు కుడివైపుకు వచ్చేది, వెంటనే దొరికిపోయేవాళ్లం. చంద్రుడికి కూడా అలాంటి జేబు ఉంది. ఉత్తరం పైకి ఉన్న ఫొటోలో సంక్షోభాల సముద్రం కుడివైపు పైన ఉండాలి. మీ ఫొటో విభాగంలో ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

సూపర్‌మూన్ మీద నాకు ద్వేషం లేదు. చంద్రుడు భూమికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉండటం వాస్తవం. అతి దగ్గరి పున్నమికీ అతి దూరపు పున్నమికీ బింబం వెడల్పులో సుమారు 14 శాతం తేడా ఉంటుంది. కాని రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు ఆకాశంలో లేదు గనుక ఆ తేడా కంటికి ఆనదు. ఫొటోలు తీసి పోల్చితేనే తెలుస్తుంది. ఆ పేరు కూడా ఖగోళ శాస్త్రవేత్తలు పెట్టింది కాదు. 1979లో రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడు వాడుకలోకి తెచ్చాడు. కంటికి ఆనని తేడాకు అంత చోటు ఇస్తున్నప్పుడు, కళ్లు విప్పార్చుకుని చూడదగిన అష్టమికి రెండు అంగుళాల చోటైనా ఇవ్వాలని నా మనవి.

మనదేశానికి గర్వకారణమైన ఒక రోజు కూడా ఇదే చెబుతోంది. చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి దక్షిణ ప్రాంతంలో దిగింది 2023 ఆగస్టు 23 సాయంత్రం. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. సౌరశక్తితో పనిచేసే ఆ ల్యాండర్‌కు చంద్రుడి మీద ఒక పగలు, అంటే మనకు పద్నాలుగు రోజులు, పూర్తిగా అందాలని అక్కడ తెల్లవారిన తరుణం చూసి దింపారు. ఆ స్థలం మాంజినస్ అనే పెద్ద బిలానికి దగ్గర. ల్యాండర్ ఏ టెలిస్కోపుకూ కనబడదు గాని, ఆ బిలం మన చిన్న టెలిస్కోపుకు కూడా దొరుకుతుంది. ఏ సప్తమికైనా దొరుకుతుంది. ఆ ప్రాంతాన్ని ఎత్తి చూపుతూ ఇక్కడి వారు తీసిన ఒక్క ఫొటో ఆ రోజుల్లో మన పత్రికల్లో వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఆకాశాన్ని ఫొటో తీయడం హైదరాబాదుకు కొత్త విద్య కాదని కూడా గుర్తుచేస్తున్నాను. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాలే ఆ తరువాత నిజామియా అబ్జర్వేటరీ పేరుతో బేగంపేటకు వచ్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని గాజు పలకల మీద నక్షత్రాలను ఫొటో తీసిన బృహత్కార్యంలో ఒక భాగం మన నగరం నెరవేర్చింది. ఆ గాజు పలకల సంగతి తలచుకున్నప్పుడల్లా, వాటిని కడిగి ఆరబెట్టిన డార్క్‌రూమ్ మనుషుల చేతులు నాకు గుర్తొస్తాయి. అలాంటి నగరంలో ఈనాడు ఎన్నో పాఠశాలల్లో కొన్న టెలిస్కోపులు బీరువాల్లో ఉన్నాయి. ఒక పాఠశాలలో నేనే చూశాను: మూత కూడా తీయని టెలిస్కోపు, పెట్టె మీద సున్నపు మరకలు. ప్రధానోపాధ్యాయులు మంచి మనసున్నవారు, అడగగానే తాళం ఇచ్చారు. పోయినసారి బయటికి తీసినప్పుడు ఏమీ కనబడలేదని, పిల్లలు విసుగుచెందారని చెప్పారు. ఏ రోజున తీశారని అడిగితే, పున్నమి అన్నారు.

ఇప్పుడు నా విజ్ఞప్తి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అష్టమి చంద్రుడు హైదరాబాదుకు పొద్దుగుంకే వేళ దాదాపు నడినెత్తిన ఉంటాడు. నడినెత్తిన ఉన్నప్పుడు మధ్యలో అడ్డుపడే గాలి పొర పలచన; వాన మబ్బులుండవు, స్లాబులు ఇంకా ఎండాకాలపు వేడి ఎక్కి ఉండవు. ఆశ్వయుజంలో సద్దుల బతుకమ్మ, దుర్గాష్టమి వేళల్లోనైతే అదే సగం చంద్రుడు దక్షిణాన కిందుగా ఉంటాడు. కాబట్టి రాబోయే రథసప్తమి, భీష్మాష్టమి, ఆ పై నవమి సాయంత్రాలకు రెండు రోజుల ముందే మీ పత్రికలో ఒక చిన్న వార్త వేసి, టెలిస్కోపులున్న పాఠశాలలు, కళాశాలలు, కాలనీ సంఘాల వారు ఆ మూడు సాయంత్రాలు వాటిని బయటికి తీయవలసిందిగా కోరండి. పంచాంగం గడిలో శుక్లపక్షం తదియ నుంచి ద్వాదశి దాకా ఒక్క వాక్యం చేర్చండి: ఈ రాత్రి వెలుగు గీత మీద ఫలానా బిలం. నెలకు పది వాక్యాలు. రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ప్రతిఫలం అక్కరలేదు. చంద్రుడి ఫొటో వేసినప్పుడల్లా దాని కింద తేదీ, వేళ, ఏ పరికరంతో తీశారో, ఒక్క ఫ్రేమా, పేర్చిందా అన్నది అచ్చువేయండి. అది చదివి ఇంకొకరు నేర్చుకుంటారు.

ఈ లేఖతో రెండు ప్రింట్లు పంపుతున్నాను. రెండూ ఒకే టెలిస్కోపుతో, ఒకే డాబా మీద నుంచి తీసినవి. మొదటిది కార్తీక పౌర్ణమి రాత్రి ఎనిమిదిన్నరకు, ఒక్క ఫ్రేము. రెండోది శుద్ధ అష్టమి రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలకు, ఒక నిమిషం వీడియోలోంచి ఏరిన 210 ఫ్రేములు పేర్చి చేసింది. ఉత్తరం పైకి ఉంది. వీలైతే రెంటినీ పక్కపక్కన ఒకే సైజులో వేయగలరు. రెండో ఫొటోలో, నల్లగా ఉన్న ఆల్ఫాన్సస్ బిలం నడుమ కనిపించే చిన్న తెల్లటి చుక్క దుమ్ము కాదు, ఎండ తగిలిన కొండ కొన. మచ్చ అనుకుని దాన్ని తుడిచివేయవద్దని మీ ఫొటో విభాగం వారికి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్.